కార్తీకంలో పెళ్ళి: హాయి ఎవరికి?

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నంతా మనం గృహహింస కేసుల గురించి మాట్లాడుకున్నాం. ఈ పూట నన్ను వరకట్న నిషేధ చట్టం మీద మాట్లాడమన్నారు. మాట్లాడతాను. అయితే సెక్షన్లతో మొదలుపెట్టను. 2024 కార్తీకంలో మా అక్క కూతురి పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళి ఏర్పాట్లలో నేను మొదటి నుంచీ ఉన్నాను. అందులో నేను నేర్చుకున్నదే చెప్తాను, చట్టం దానంతటదే మధ్యలో వస్తుంది. మన దగ్గరికి పెళ్ళిళ్ళు ఎప్పుడూ చెడిపోయాకే వస్తాయి. శుభలేఖ వేయకముందే ఒక పెళ్ళిని దగ్గర నుంచి చూడడం నాకు ఇదే మొదలు.

మా అమ్మాయి నర్సు. పెళ్ళి కుదిరిన రోజే నాకు ఫోన్ చేసి, "పిన్నీ, నా పెళ్ళి అందంగా ఉండాలి, హాయిగానూ ఉండాలి. నువ్వు దగ్గరుండి చూడాలి" అంది. నిజం చెప్తున్నాను, నాకు నచ్చలేదు. అందమేంటి, హాయేంటి, మనం మాట్లాడాల్సింది కట్నం గురించి కదా అనుకున్నాను. మా తరం వాళ్ళకి అలవాటైన ఆలోచన అది. నాది 1979లో దండల పెళ్ళి. స్కూలు ఆవరణలో రెండు బల్లలు కలిపి వేదిక, రెండు బంతిపూల దండలు, 20 నిమిషాల్లో అయిపోయిందని ఎన్ని సభల్లో చెప్పుకున్నానో! అమ్మాయి ఆ మాట విని, "నీ పెళ్ళిలో నువ్వేం మాట్లాడావు పిన్నీ?" అని అడిగింది.

ఆలోచిస్తే ఏమీ మాట్లాడలేదు. దండలు మార్చుకోవడం 20 నిమిషాలే. తర్వాత రెండు గంటల పాటు ఏడుగురు వక్తలు ఆదర్శ వివాహం గురించి ఉపన్యసించారు. ఏడుగురూ మగవాళ్ళే. మా అమ్మ స్కూలు వెనక వంద మందికి పులిహోర కలుపుతూ ఉంది. కూతురి మెడలో దండ పడడం ఆవిడ చూడలేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారని మనమంతా పాఠాల్లో చదువుకున్నాం. ఊరు బహిష్కరిస్తే ఆ ఇంట్లో వంట చేసి నీళ్ళు మోసిన రాజ్యలక్ష్మమ్మ గారి గురించి ఎంతమందికి తెలుసు? సంస్కరణ పెళ్ళి అయినా, శాస్త్రోక్తమైన పెళ్ళి అయినా, వెనకాల పొయ్యి దగ్గర ఎవరున్నారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అమ్మాయి అడిగిన హాయి మాటని నేను అప్పుడు సీరియస్‌గా తీసుకున్నాను.

ముందు కాలం సంగతి. మనకి ఆషాఢం వద్దు, భాద్రపదం వద్దు. క్షీరాబ్ది ద్వాదశి వెళ్ళగానే మంచి ముహూర్తాలని అందరూ ఒక్కసారి మీద పడతారు. కోస్తాలో చేను అప్పటికి కోతకు వస్తుంటుందే కానీ గింజ ఇంటికి రాదు. అంటే ఖర్చు కార్తీకంలో, డబ్బు సంక్రాంతికి. మధ్యలో ఉన్నది అప్పు. పొదుపు సంఘాల్లో పనిచేసే వాళ్ళకి ఇది నేను చెప్పనక్కర్లేదు. గేదె కోసమని రాయించుకున్న లోను ఎన్నిసార్లు కల్యాణ మండపంలో తేలిందో మీకే తెలుసు. వాయిదాలు కట్టేది మాత్రం తల్లి. పైగా తుపాన్ల రోజులు. 1977 నవంబరు 19న దివిసీమ, 1996 నవంబరు 6న కోనసీమ. మా జిల్లాల వాళ్ళు ఆ తేదీలు మర్చిపోరు. అందుకని అమ్మాయి మొదటి షరతే, షామియానా ఎక్కడ వేసినా పక్కన పక్కా కప్పు ఉండాలని.

మా బావ మొదట వేసిన అంచనా 14 లక్షలు. ఆ కాగితం నా దగ్గర ఉంది. ఫంక్షన్ హాలు, స్టేజీ అలంకరణ, వీడియో, డ్రోను, బ్యాండు, 31 రకాల వంటలు, విడిది ఇంట్లో మగపెళ్ళివారికి ఏసీలు. రెండు పేజీలు. ఆ రెండు పేజీల్లో ఆడవాళ్ళ మరుగుదొడ్డి అన్న మాట లేదు. పెళ్ళికూతురు ఎప్పుడు తింటుందన్నది లేదు. పసిపిల్లల తల్లులు పాలివ్వడానికి ఒక గది లేదు. అక్కా, నేనూ, అమ్మాయీ కూర్చుని ఇంకో కాగితం రాశాం. అది ఒక్క పేజీయే అయింది. దాంట్లో సగం డబ్బు ఖర్చు కానివే.

ముహూర్తం నుంచే మొదలుపెట్టాం. పంతులుగారు రాత్రి 2 గంటల 40 నిమిషాలకి పెట్టారు. మన పెళ్ళిళ్ళలో అది మామూలే. ఆ లెక్కన పెళ్ళికూతురు పొద్దున్నుంచి ఉపవాసం, సాయంత్రం గౌరీపూజ, అర్ధరాత్రి దాకా పట్టుచీరలో, పూలజడ బరువుతో కూర్చోవాలి. మా బంధువుల్లో ఒక అమ్మాయి జీలకర్ర బెల్లం దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది. దిష్టి అన్నారు. పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప తాగలేదని ఎవరూ అనలేదు. మా అమ్మాయి పంతులుగారినే అడిగింది, "పగలు ముహూర్తాలు లేవా అండీ?" అని. ఆయన నవ్వి, "ఎందుకు లేవమ్మా, అభిజిత్ లగ్నం ఉంది, నడి మధ్యాహ్నం. ఎవరూ అడగరు" అన్నారు. అంతే. మేం ఆచారంతో పెద్ద యుద్ధానికి సిద్ధపడి వెళ్ళాం. ఆచారంలోనే తలుపు ఉంది, తట్టినవాళ్ళు లేరు.

ఇంకో సంగతి మగవాళ్ళ ముందు మాట్లాడరు కాబట్టి ఇక్కడ చెప్తాను. ముహూర్తం పెట్టేటప్పుడు పెళ్ళికూతురి నెలసరి తేదీ ఎవరు అడుగుతారు? అడగరు. తర్వాత వాయిదా వేసే మాత్రలు మింగిస్తారు, డాక్టరుని కూడా అడక్కుండా మందుల షాపులో కొని. మా అమ్మాయి నర్సు కాబట్టి మొదటి రోజే, "నాకు ఈ వారం వద్దు, తర్వాతి వారం చూడండి" అని తండ్రి ముందే అంది. బావ లేచి బయటికి వెళ్ళిపోయాడు. అక్క నోరు నొక్కుకుంది. కానీ తర్వాతి వారమే పెట్టారు.

చీర దగ్గర నాకూ అమ్మాయికీ గొడవ వచ్చింది. నేను నూలు చీర చాలంటాను, తను పట్టు కావాలంటుంది. చివరికి తనే ఒక మాట చెప్పి నా నోరు మూయించింది. "పిన్నీ, మన పెళ్ళి బట్ట అసలు ఏంటి? మధుపర్కాలు. అవి నూలువే కదా!" నిజమే. తెల్లటి నూలు బట్ట, రంగు అంచు. దాని మీదకి కిలో బరువున్న జరీ ఎప్పుడొచ్చి చేరిందో! తాళి కట్టే వేళకి మధుపర్కాలు, భోజనాల వేళకి మంగళగిరి చీర, నిజాం అంచుది. ఆ అంచు అందం నేను చెప్పలేను, చూడాలి. కార్తీకంలో మల్లెలు కోరితే మల్లె ధరే ఒక కట్నం. చామంతీ బంతీ మాత్రం దొడ్లలోనే విరగబూస్తాయి. మా వీధి ఆడవాళ్ళంతా ముందు రోజు సాయంత్రం కూర్చుని అల్లేశారు. స్టేజీ అలంకరణకి రాసిన లక్షా పది వేలు అలా పోయింది.

జాగా మా బావ పెదనాన్న గారి మామిడితోట. పక్కనే స్కూలు, వాన వస్తే దాని వరండాలు. కార్తీకంలో వనభోజనాలు మనకి కొత్తా? ఉసిరిచెట్టు కింద ఊరంతా కూర్చుని తింటాం. పెళ్ళి భోజనమూ అంతే అనుకున్నాం. చాపలు, మోకాళ్ళ నొప్పుల వాళ్ళకి బల్లలు, అరిటాకులు. ముప్పై ఒకటి కాదు, తొమ్మిది రకాలు. కంద బచ్చలి, చిక్కుడుకాయ, గుమ్మడికాయ పులుసు, ఉసిరి పచ్చడి, బూరెలు. ఆ రోజుల్లో చవకగా, తాజాగా దొరికేవి. ఇద్దరు బంధువులు ఐస్‌క్రీం లేదని అలిగారు. అలిగితే అలిగారు.

భోజనాల గురించి అమ్మాయి పెట్టిన ఇంకో షరతు నాకు తట్టనిది. ఆకులెత్తేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, వీళ్ళంతా ఎప్పుడు తింటారని అడిగింది. పెళ్ళిళ్ళలో వాళ్ళు తినేది రాత్రి పదకొండుకి, మిగిలితే. అంతదాకా చలిలో తడి చీరలతో నీళ్ళలో నిలబడి ఉంటారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. కూలి కంట్రాక్టరు చేతికి వెళ్తుంది, వాళ్ళ చేతికి ఎంత వస్తుందో ఎవరూ అడగరు. మా పెళ్ళిలో వాళ్ళది మొదటి బంతి. పెళ్ళివారి కంటే ముందు. కూలి ఆ సాయంత్రమే, ఎవరిది వాళ్ళ చేతికే. దీనికి ఎదురుచెప్పింది మగపెళ్ళివారు కాదు, మా అక్కే. "మర్యాద తప్పుతుందే" అని. అక్కని ఒప్పించడానికి మూడు రోజులు పట్టింది.

పసుపు దంచే రోజున మా అమ్మ గది లోంచి బయటికి రాలేదు. అమ్మకి 87 ఏళ్ళు, నాన్న పోయి 19 ఏళ్ళు. ఎవరూ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. అమ్మాయి రోకలి పట్టుకుని ఆ గదిలోకే వెళ్ళింది. "అమ్మమ్మా, నువ్వు వెయ్యకపోతే ఎవరూ వెయ్యరు." అమ్మ, "నా చెయ్యి వద్దే, నీకు మంచిది కాదు" అంటూ చేతులు కొంగులో దాచుకుంది. వీధి ముత్తయిదువలు చూస్తున్నారు. నా గుండె దడదడలాడింది. నలభై ఏళ్ళ ఉద్యమం నాది, అక్కడ ఒక్క మాట పెగల్లేదు. అమ్మాయే అమ్మ చెయ్యి తీసి రోకలి మీద పెట్టింది. రెండు పోట్లు వేసింది అమ్మ. ఆ తర్వాత ఒకావిడ, భర్త పోయి రెండేళ్ళయిన మనిషి, వెనక నుంచి నెమ్మదిగా ముందుకొచ్చింది.

ఇక చట్టం. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి.

1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ నేరమే. 3వ సెక్షన్ కింద కనీసం 5 ఏళ్ళ జైలు, 15,000 రూపాయలు లేదా కట్నం విలువ, ఏది ఎక్కువైతే అంతకి తగ్గని జుర్మానా. అడక్కుండా, ఆచారం ప్రకారం, ఇచ్చేవాళ్ళ స్తోమతకి మించకుండా ఇచ్చే కానుకలకి మినహాయింపు ఉంది. కానీ ఆ మినహాయింపు ఊరికే రాదు. 1985 నిబంధనల ప్రకారం జాబితా రాయాలి. ఏ వస్తువు, సుమారు విలువెంత, ఎవరిచ్చారు, వాళ్ళు బంధువులైతే ఏమవుతారు. పెళ్ళికూతురికి వచ్చినవి ఒక జాబితా, పెళ్ళికొడుక్కి వచ్చినవి ఇంకోటి. రెండిటి మీదా ఇద్దరి సంతకాలు. ఎన్ని పెళ్ళిళ్ళలో చూశారు ఆ జాబితా? నేను ఒక్కదాంట్లోనూ చూడలేదు. మన దగ్గరికి కేసు వచ్చాక, "బంగారం ఎంత పెట్టారమ్మా?" అంటే తల్లి వేళ్ళ మీద లెక్కపెడుతుంది. అవతలి వాళ్ళు అసలు పెట్టనేలేదంటారు. స్త్రీధనం ఆమె సొంతమని, భర్త దానికి కాపలాదారే తప్ప యజమాని కాడని సుప్రీంకోర్టు ప్రతిభా రాణి కేసులో 1985లోనే చెప్పింది. చెప్పి ఏం లాభం, ఏది స్త్రీధనమో కాగితం మీద లేకపోతే?

మేం జాబితా రాశాం. మగపెళ్ళివారి వైపు పెద్దాయన ఒకరు, "ఇదేం పోలీసు పంచనామానా?" అన్నాడు. పెళ్ళికొడుకు పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు. ఆ అబ్బాయి మీద నాకు నమ్మకం కలిగింది అప్పుడే. అందుకే మీకు చెప్తున్నాను, ఈ జాబితా దొంగల్ని పట్టుకోవడానికి మాత్రమే కాదు. పెళ్ళికి ముందే ఎవరెలాంటివాళ్ళో చూపిస్తుంది.

రిజిస్ట్రేషన్ గురించి రెండు మాటలు. మన రాష్ట్రంలో 2002 నుంచి పెళ్ళి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ చట్టం ఉంది. కానీ రిజిస్టర్ చేసినంత మాత్రాన హిందూ వివాహం అయిపోదు, అసలు వివాహ క్రతువు జరిగి ఉండాలని 2024లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పెళ్ళంటే ఆటపాటలూ విందులూ కట్నాలూ కాదని కూడా అదే తీర్పులో అంది. క్రతువు వద్దనుకునే వాళ్ళకి 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దాని కింద నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. కార్తీకంలో చేసుకోవాలంటే ఆశ్వయుజం రాగానే నోటీసు ఇవ్వాలన్న మాట. దండల పెళ్ళిళ్ళకి తమిళనాడులో 1967లో చట్టబద్ధత ఇచ్చినట్టు మన దగ్గర ఇవ్వలేదు. నాలాగా దండలు మార్చుకున్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే, ప్రత్యేక వివాహ చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్టర్ చేసుకోండి. మేం చేసుకునేసరికి మా అబ్బాయి డిగ్రీలో ఉన్నాడు. సిగ్గుపడాల్సిన విషయమే.

ఇప్పుడు అసలు సంగతి. ఖర్చు 14 లక్షల నుంచి 5 లక్షల 60 వేలకి దిగింది. అందరూ సంతోషించారు, బావ కూడా. అప్పుడు అమ్మాయి అడిగింది, "నాన్నా, మిగిలింది ఎవరిది?" అని.

బావ దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. అందులో ఒక పేజీకి "అమ్మాయి పెళ్ళి" అని శీర్షిక. ఫంక్షన్ హాలు అడ్వాన్సు నుంచి బ్యాండు వాళ్ళ బేరం దాకా అన్నీ ఆ పేజీలో ఆమె ఖాతాలో రాశాడు. ఎందుకంటే ఆయన మనసులో అది ఆమె వాటా. తాతల నాటి రెండున్నర ఎకరాలు కొడుకువి, పెళ్ళి ఖర్చు కూతురిది. ఆయన దుర్మార్గుడు కాదు. చాలా మంచి తండ్రి. మన ఊళ్ళలో మంచి తండ్రులంతా ఇలాగే రాస్తారు. ఆలోచించండి. వీడియో వాడికిచ్చింది ఆమె వాటా. మగపెళ్ళివారి ఏసీ గదులు ఆమె వాటా. బంధువులు తిని వదిలేసిన ముప్పై ఒకటో వంటకం ఆమె వాటా. ఒక్క రాత్రిలో ఊరంతా తినేసేది ఆమె ఆస్తి, ఏటా పంట పండేది అన్నదమ్ముల ఆస్తి.

చట్టం ఇలా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయినవాళ్ళని వదిలేశారు. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు ఆ తేడా పోయింది. పుట్టుకతోనే కూతురు హక్కుదారు అని, తండ్రి 2005 నాటికి బతికి ఉండాల్సిన అవసరం లేదని వినీతా శర్మ కేసులో 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా పంపకాలైపోయిన ఆస్తులు మాత్రం తిరగదోడడానికి వీల్లేదు. పెళ్ళి ఘనంగా చేశామన్న ఒక్క మాటతో ఈ హక్కు రద్దయిపోదు. రద్దయ్యేది ఎప్పుడంటే, పెళ్ళయిన ఏడాదికో రెండేళ్ళకో పుట్టింటికి పిలిచి, చీరా సారె పెట్టి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్ళి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించినప్పుడు. సంతకం పెట్టకపోతే పుట్టింటి గడప పోతుందన్న భయంతో పెడతారు. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో ఎంతమంది పెట్టారు? చేతులెత్తమని అడగను. నేను పెట్టాను.

అమ్మాయి తండ్రితో గట్టిగా మాట్లాడలేదు. "నాన్నా, ఆ పేజీ నా పేరు మీద వద్దు, ఇంటి ఖర్చు అని రాయండి. ఎనిమిది లక్షలు మిగిలాయి కదా, అప్పు చేయక్కర్లేదు. నాకు డబ్బు వద్దు. తమ్ముడితో పాటు నా పేరూ పాస్ పుస్తకంలో ఉండాలి. అర ఎకరమైనా సరే" అంది. బావ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు తమ్ముడే, "రాయించు నాన్నా" అన్నాడు. అందరి ముందూ బావ మాట ఇచ్చాడు.

పెళ్ళి బాగా జరిగింది. వాన రాలేదు. ఎండ పల్చగా ఉంది. మధ్యాహ్నం పన్నెండు దాటగానే తాళి కట్టారు, సూర్యుడు దిగేసరికి గిన్నెలు కూడా తోమేశారు. పెళ్ళికూతురు పొద్దున ఇడ్లీ తిని పీటల మీద కూర్చుంది. కన్యాదానం మంత్రం దగ్గర నాకు ఇబ్బందిగానే ఉంది, అది మేం మార్చలేకపోయాం. అమ్మాయికి అంత పట్టింపు లేదు, నేను పట్టుపట్టలేదు.

కట్నం లేని పెళ్ళి అని నేను ఊరంతా చెప్పుకున్నాను. వారం తర్వాత అక్క వంటింట్లో నెమ్మదిగా చెప్పింది, ఆడపడుచు లాంఛనం కింద కవర్లో 50,000 పెట్టి ఇచ్చామని. అడిగారా అంటే, "అడగలేదు, కానీ వాళ్ళ పెద్దకోడలు వాళ్ళు ఇచ్చారట" అంది. ఆ కవరు ఏ జాబితాలోనూ లేదు. చట్టం ప్రకారం దాన్ని ఏమంటారో మీరందరూ చెప్పగలరు. అక్కతో ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. కానీ అమ్మాయికి చెప్పాను. తను అత్తగారితో మాట్లాడతానంది. ఏమైందో నేనింకా అడగలేదు.

పాస్ పుస్తకంలో పేరు కూడా ఇంకా ఎక్కలేదు. ముందు కోతలన్నారు, తర్వాత సంక్రాంతన్నారు, తర్వాత మంచి రోజులు లేవన్నారు. పెళ్ళికి అభిజిత్ లగ్నం దొరికింది కానీ రిజిస్ట్రేషన్‌కి మాత్రం దొరకడం లేదు. వచ్చే సోమవారం నేనూ అమ్మాయీ కలిసి బావ దగ్గరికి వెళ్తున్నాం. ఆ నోటు పుస్తకం కూడా తీసి ఉంచమని ఫోన్ చేశాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి. మీ ఊళ్ళలో ఈ కార్తీకానికి కుదిరిన పెళ్ళిళ్ళు ఏమున్నాయో ముందు చెప్పండి.